లెక్కల్లో ఫెయిలైన గూఢచారి

మా అమ్మాయి పదో తరగతిలోకి వచ్చేనాటికి ఫోన్లో మా ఇద్దరి మధ్య మూడు మాటలే మిగిలాయి. తిన్నావా, బడికి పోయావా, అమ్మకు ఇయ్యి. చిన్నప్పుడు అట్లా ఉండేది కాదు. బడిలో ఎవరి బలపం ఎవరు విరగ్గొట్టారో కూడా నాకు చెప్పేది. కరోనా వచ్చిన ఏడాది సెలవు మీద ఊరికి పోలేకపోయాను. తర్వాతి ఏడూ కుదరలేదు. మూడో ఏడు పోయేసరికి నా భుజం దాకా పెరిగిన పిల్ల తలుపు చాటు నుంచి నన్ను చూసింది. నెలరోజులు ఇంట్లో ఉండి మళ్లీ వచ్చేశాను. ఆ కొత్తదనం మాత్రం ఫోన్లోకి కూడా నా వెంటే వచ్చింది.

నేను అప్పుడు దుబాయ్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఇనుప చువ్వలు కట్టే పనిలో ఉన్నాను. స్లాబుకు కాంక్రీటు పోసే ముందు చువ్వలను జాలీలాగా పరిచి, ప్రతి ముడి దగ్గరా బైండింగ్ వైరు చుట్టి మెలిపెట్టాలి. సోనాపూర్ క్యాంపులో ఆరుగురం ఒక రూము. నా కింది మంచంలో మా పక్క ఊరి అన్న ఉండేవాడు. నాకంటే పన్నెండేళ్లు పెద్దవాడు. గల్ఫ్‌లోనే తల నెరిసింది. మనిషి మంచివాడే కానీ ఏ విషయమైనా తనకు తెలియకుండా జరిగితే తట్టుకోలేడు.

జూన్ నెలలో ఒక సాయంత్రం బస్సు దిగి ఫోన్ చేస్తే, తిన్నావా అన్న నా మాటకు జవాబు చెప్పకుండా మా అమ్మాయి ఎదురు ప్రశ్న వేసింది.

"బాపు, నువ్వు కొరియా సీరియళ్లు సూస్తవా?"

చూడనన్నాను. చూడమంది. దేని గురించి అని అడిగానంతే, పది నిమిషాలు ఆపకుండా చెప్పింది. ఒక సర్కారు గూఢచారి. ముప్పై దాటినవాడు. దేశం రహస్యాలు అమ్ముకునేవాడెవడో ఒక పెద్దింటి పిల్లల బడిలో దాక్కున్నాడని తెలుస్తుంది. వాణ్ణి పట్టుకోవడానికి ఈయన నున్నగా గడ్డం గీసుకుని, యూనిఫాం వేసుకుని, విద్యార్థినని చెప్పి పిల్లల మధ్య కూర్చుంటాడు. మేడ మీది నుంచి మేడ మీదికి దూకుతాడు, పదిమందిని ఒక్కడే పడగొడతాడు. కానీ క్లాసులో లేపి ప్రశ్న అడిగితే నోరు పెగలదు.

"లెక్కలల్ల అయితే గుండుసున్న బాపు" అని నవ్వింది.

ఆ నవ్వు విని చాలా రోజులైంది. ఆ సీరియల్ ఎట్లా ఉన్నా సరే, చూసి తీరాలని ఆ సాయంత్రమే అనుకున్నాను.

చూడ్డానికి సమయం కూడా అప్పుడే దొరికింది. జూన్ నడిమి నుంచి అక్కడి ఎండాకాలం అయ్యేదాకా మధ్యాహ్నం పన్నెండున్నరకు బయటి పని ఆపి, మళ్లీ మూడింటికి మొదలుపెడతారు. సైటులో మాకొక రెస్టు షెడ్డు ఉంది. లోపల ఏసీ, నీళ్ల కూలరు, బెంచీలు. అంతకుముందు ఏళ్లలో తిని అట్టముక్కలు పరుచుకుని పడుకునేవాళ్లం. ఆ ఏడు నా ఫోన్‌ను టిఫిన్ డబ్బాకు ఆనించి నిలబెట్టాను. హిందీలో డబ్బింగ్ దొరికింది. మొదటి రోజు నేనూ అన్నా ఇద్దరమే చూశాం. నాలుగో రోజుకు వెనక ఏడెనిమిది మంది నిలబడ్డారు. వారం తిరిగేసరికి క్రేను నడిపే పఠాన్, బిహారీ మేస్త్రీలు, నేపాలీ కార్పెంటర్లు, మన నిజామాబాద్ వాళ్లు, అందరూ అక్కడే. ఫోన్ చిన్నదని పఠాన్ తన పెద్ద ఫోన్ తెచ్చి పెట్టాడు.

హిందీ అందరికీ వచ్చినా అన్న మాత్రం తెలుగులో వ్యాఖ్యానం చెప్పకుండా ఉండలేడు. మొదటి భాగం నుంచీ ఆయనకు ఒకటే పేచీ.

"గడ్డం గీకినా అది ముప్పై అయిదేండ్ల మొకం. ఆ సార్లకు కండ్లు లేవా?"

అయినా ఆ ఏజెంటు అబద్ధం చెప్పి తప్పించుకున్న ప్రతిసారీ తొడ చరిచేది ఆయనే. దొంగ ఎవరనే దాని మీద షెడ్డు రెండుగా చీలిపోయింది. పఠాన్ హెడ్‌మాస్టర్ అన్నాడు. అన్న బడిలో అన్నం వండే ఆమె మీద అనుమానం పెట్టుకున్నాడు. అంత బాగా వండే మనిషికి ఆ బడిలో ఏం పని అని ఆయన వాదన. మూడింటికి ఫోర్‌మన్ యల్లా, కదలండి అని కేకేస్తే సగంలో ఆపి లేచేవాళ్లం. స్లాబు మీదికి ఎక్కుతూ కూడా అదే మాట.

సాయంత్రం ఇదంతా మా అమ్మాయికి చెప్పేవాణ్ణి. తనకు దొంగెవరో ముందే తెలుసు, ఎంత బతిమాలినా చెప్పేది కాదు. పఠాన్ అంకుల్ ఏమన్నాడు, పెదబాపు ఇంకా వంటామె మీదనే ఉన్నాడా అని రోజూ అడిగేది. నేను చెబుతుంటే వెనక నుంచి మా ఆవిడ, ఫోన్ నాకు ఇస్తారా ఇయ్యరా అని గొణుక్కోవడం వినిపించేది.

ఒకరోజు మధ్యాహ్నం మా సేఫ్టీ ఆఫీసరు షెడ్డులోకి వచ్చింది. కాకినాడ వైపు అమ్మాయి, ఇంజనీరింగ్ చదివింది. ముప్పై కూడా ఉండవు కానీ సైటులో ఆమె తెల్ల హెల్మెట్ కనిపిస్తే అందరం బెల్టులు సరిచూసుకునేవాళ్లం. కూలర్లో నీళ్లున్నాయో లేదో చూడ్డానికి వచ్చింది. అన్న గబుక్కున ఫోన్ మీద తువ్వాల కప్పాడు. మేడం ఆ తువ్వాల వైపు చూసింది.

"ఎన్నో భాగంలో ఉన్నారండీ?" అని అడిగింది. "హీరో గొంతు విని పోల్చుకున్నానులెండి. నేనూ అక్కడిదాకానే వచ్చాను. కట్టెయ్యకండి."

బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఆ భాగం పూర్తయ్యేదాకా చూసింది. పోయేటప్పుడు, వంటామె మీద నాక్కూడా అనుమానమేనండీ అంది. అన్న వారం రోజులు ఆ మాట చెప్పుకుని తిరిగాడు.

లెక్కల పరీక్ష భాగం వచ్చింది ఆగస్టులో. మాష్టరు పేపర్లు పంచుతాడు. అంత ఎత్తు నుంచి దూకిన మనిషి ఎర్రసిరా గీతలు పడ్డ కాగితం పట్టుకుని అట్లాగే నిలబడిపోతాడు. పక్కన ఉన్న అమ్మాయి తొంగి చూస్తుంటే కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటాడు. షెడ్డంతా గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు.

నేను పదో తరగతి లెక్కల్లో ఫెయిలయ్యాను. మిగతావన్నీ పాసయ్యాను, అదొక్కటి పోయింది. మళ్లీ రాయమని మా సారు ఇంటికొచ్చి మరీ చెప్పాడు. ఆ వారమే మా మేనమామతో బొంబాయి రైలెక్కాను. పెళ్లి చూపుల్లో పది పాసయ్యానని చెప్పారు మావాళ్లు. నేను కాదనలేదు. పెళ్లయ్యాక మా అమ్మే నోరుజారి చెప్పేస్తే మా ఆవిడ కడుపుబ్బ నవ్వి ఊరుకుంది. బిడ్డకు మాత్రం చెప్పలేదు. అది నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, లెక్కల్లో నీకెన్ని మార్కులొచ్చాయని అడిగింది. డెబ్బై రెండు అన్నాను. ఎందుకు డెబ్బై రెండు అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. దానికి లెక్కలు బాగా వస్తాయి. ఎవరైనా మెచ్చుకుంటే, మా బాపు పోలిక అని చెప్పుకుంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు సంతోషమూ అయ్యేది, సిగ్గూ అయ్యేది.

అదే నెలలో మేడం నన్ను పక్కకు పిలిచింది. సేఫ్టీ విభాగంలో అసిస్టెంటు ఉద్యోగం ఒకటి ఖాళీ అవుతోందని, నేను జాగ్రత్త గల మనిషినని, పక్కవాళ్ల బెల్టు కూడా నేనే చూస్తుంటానని చెప్పింది. పది పాసయ్యారు కదా అని అడిగింది. అలవాటు కొద్దీ అవునన్నాను. అయితే రేపు సర్టిఫికెట్ తెమ్మంది.

మర్నాడు పొద్దున ఆమె ఆఫీసు కంటైనరు ముందు చాలాసేపు నిలబడి, చివరికి లోపలికి పోయి నిజం చెప్పాను. చెబుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మేడం కోప్పడలేదు. ఒక్క లెక్కలేనా అని అడిగింది. ఒక్కటే అన్నాను.

"ఓపెన్ స్కూల్ అని ఉందండీ. వయసుతో పని లేదు. పరీక్ష ఇక్కడ దుబాయ్‌లోనే రాయొచ్చు. ఈ ఉద్యోగం మీ కోసం ఆగదు, నిజం చెప్తున్నాను. కానీ ఇలాంటిది మళ్లీ వస్తుంది." ఆగి నవ్వింది. "మన హీరో ఆ వయసులో యూనిఫాం వేసుకుని మరీ వెళ్లాడు. మీకైతే ఆ బాధ కూడా లేదు."

అప్పటి మార్కులు ఇప్పుడు చెల్లవు, కొత్తగా ఐదు సబ్జెక్టులు రాయాలి. ఫారానికి నా పాత టీసీ కావాలి. మా ఆవిడకు ఫోన్ చేసి సంగతి చెబితే నవ్వింది. రెండో రోజే మా పాత బడికి పోయి, గుమాస్తాతో బీరువాలన్నీ తీయించి కాగితం సంపాదించింది. ఫోటో తీసి పంపి, ఆ వెంటనే తన ఫోన్లోంచి తుడిచేసింది. ఆ ఫోన్ బిడ్డ చేతిలోనే ఉంటుంది కదా. నీకంటే నేనే మంచి ఏజెంటును అంది. బిడ్డకు చెప్పొద్దని, పాసైన తర్వాత నేనే చెబుతానని ఒట్టు వేయించుకున్నాను.

చదువు మొదలైంది. పుస్తకాలను మేడం ప్రింటు తీయించి ఇచ్చింది. తెల్లవారుజామున సైటుకు పోయే కంపెనీ బస్సులో అందరూ తలలు వాల్చి నిద్రపోతుంటే, నేను వెనక సీట్లో దీపం కింద కూర్చుని చదివేవాణ్ణి. చదివిన పేజీ తిప్పేసరికి ముందుది మర్చిపోయేవాణ్ణి. తెలుగు, సోషల్ ఎట్లాగో నడిచాయి. లెక్కల దగ్గర వెనకటి భయమే.

అట్లాంటప్పుడు ఒకరోజు పైథాగరస్ సిద్ధాంతం వచ్చింది. బడిలో దాన్ని బట్టీపట్టి, పరీక్షలో మర్చిపోయాను. చదువుతూ చదువుతూ ఒక ఉదాహరణ దగ్గర ఆగిపోయాను. మూడు, నాలుగు, ఐదు. సైటులో మూల సరిగ్గా తొంభై డిగ్రీలు ఉందో లేదో చూడ్డానికి మేం చేసేదే అది. ఒకవైపు మూడు అడుగులు, ఇంకోవైపు నాలుగు గుర్తు పెడతాం. మధ్యన కొలిస్తే ఐదు రావాలి, వస్తే మూల సరిగ్గా ఉన్నట్టు. పదిహేనేళ్లుగా నా చేతులతో చేస్తున్నాను, అది ఇదేనని తెలియదు. పక్కన నిద్రపోతున్న అన్నను లేపి చెప్పబోయి, ఆయనకు తెలిస్తే సైటంతా పాకుతుందని ఆగిపోయాను. ఆరోజు పొద్దంతా ఏ మూల చూసినా నాకు నవ్వొచ్చింది.

అన్నకు అనుమానం రానే వచ్చింది. ఆదివారాలు నేను రూములో ఉండటం లేదు. ఎక్కడికంటే ఊరికే అంటున్నాను. తెల్ల చొక్కా వేసుకుని, సంచి తగిలించుకుని పోతున్నాను. నా గురించి ఆయన ఏమనుకున్నాడో తర్వాత తానే ఒప్పుకున్నాడు. ఇంట్లో బంగారం లాంటి పెండ్లాం ఉండగా ఈ వయసులో ఇదేం బుద్ధి అని బాధపడ్డాడట. ఒక ఆదివారం నేనెక్కిన బస్సే వెనక డోరు నుంచి ఎక్కాడు. ముఖానికి మాస్కు, నెత్తిన టోపీ. సీరియల్లో చూసిందంతా చేశాడు. అల్ వర్సాన్‌లో దిగి నేను పార్కులోకి పోయి చెట్టుకింద బల్ల దగ్గర కూర్చుంటే, ఆయన పొద వెనక నిలబడి గంటసేపు ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. కాళ్లు నొప్పి పుట్టి చివరికి తానే వచ్చాడు.

నేను పుస్తకం మూసేలోపు కంపాసుపెట్టె ఆయన చేతిలో ఉంది. తెరిచి వృత్తలేఖినినీ కోణమానినినీ ఒక్కొక్కటే తీసి చూశాడు.

"తమ్మీ, ఇదేంది?"

చెప్పాను. మొత్తం చెప్పాను, డెబ్బై రెండు మార్కుల సంగతి కూడా. అన్న మాస్కు తీసి జేబులో పెట్టుకుని బల్ల మీద నా ఎదురుగా కూర్చున్నాడు. ఆయన అయిదో తరగతి దాటలేదని నాకు తెలుసు.

"పరీచ్చలయ్యేదాక నీ వంట వంతు నాది" అన్నాడు. "నువ్వు సదువుకో. రూముల ఎవలకు జెప్ప."

ఎవరికీ చెప్పలేదు కూడా. రహస్యం కడుపులో పెట్టుకోలేక వారానికే బక్కచిక్కినట్టు కనిపించాడు కానీ చెప్పలేదు.

వర్గ సమీకరణాల దగ్గర నేను పూర్తిగా ఇరుక్కుపోయాను. మేడంను ఎన్నిసార్లని అడుగుతాను. అప్పుడొక ఉపాయం తట్టింది. సీరియల్లో ఏజెంటుకు తోటి అమ్మాయి ఒకతి లైబ్రరీలో లెక్కలు నేర్పుతుంది. చాలా భాగాల్లో ఆ సన్నివేశాలున్నాయి. ఒక సాయంత్రం మా అమ్మాయితో మాట్లాడుతూ, ఆ పిల్ల బోర్డు మీద ఏదో లెక్క చేసింది కదా, అది నాకు సమజ్ కాలేదు, ఎట్లా చేసింది అని అడిగాను. ఏ లెక్క అంది. నా పుస్తకంలోని లెక్క చదివి వినిపించాను. అది ఉత్సాహంగా కాగితం తెచ్చుకుని, వీడియో పెట్టి, ఒక్కొక్క మెట్టూ విప్పి చెప్పింది. నేను కెమెరాకు కనిపించకుండా రాసుకున్నాను. రెండు రోజుల తర్వాత ఇంకొకటి అడిగాను. వారానికి రెండు మూడు లెక్కలు. ఒక్కోసారి గంట దాటేది. లెక్క అయ్యాక బడి సంగతులు, స్నేహితురాళ్ల సంగతులు, అమ్మ మీద చాడీలు. అదంతా లెక్కలోకి రాని లాభం.

డిసెంబరులో ఒక సాయంత్రం త్రికోణమితి లెక్క అడిగాను. అది కాగితం తెచ్చుకోలేదు.

"బాపు, ఆ సీరియల్ల గీ లెక్క లేదు."

ఉందేమో చూడమన్నాను.

"అన్ని సూసిన. లైబ్రరీ సీన్లన్ని ఆపి ఆపి సూసిన. నువ్వడిగిన ఒక్క లెక్క గూడ అండ్ల లేదు. అన్ని టెన్త్ లెక్కలే. ఎవలికోసం అడుగుతున్నవ్?"

నేను అబద్ధం వెతుక్కున్నాను. దొరికింది కూడా. కానీ తెరమీద దాని ముఖం చూసి చెప్పలేకపోయాను. పాసయ్యాక చెబుదామనుకున్నదంతా బస్‌స్టాపు పక్కన నిలబడి అప్పుడే చెప్పేశాను. ఫెయిలైంది, బొంబాయి రైలు, డెబ్బై రెండు, ఓపెన్ స్కూలు. అది ఫోన్ అమ్మకు ఇచ్చింది.

రెండు రోజులు మాట్లాడలేదు. మా ఆవిడ మీద కూడా అలిగిందట, నీకు తెలిసి దాచావని. ఆ రెండు రోజులు నేను చువ్వలకు ముళ్లు ఎట్లా వేశానో నాకు గుర్తులేదు. అన్న పక్కన నిలబడి వదులుగా ఉన్నవి మళ్లీ బిగించాడు. మూడో రోజు సాయంత్రం అదే ఫోన్ చేసింది.

"డెబ్బై రెండు అని నేను క్లాసు మొత్తం జెప్పిన బాపు. గందుకే కోపమొచ్చింది" అంది. నేను తలవంచుకుని విన్నాను. "గని లెక్కల కోసమన్న నాతోని గంట గంట మాట్లాడినవ్ సూడు. అది మంచిగనిపించింది. పరీక్ష ఎన్నడు?"

ఏప్రిల్ అని చెప్పాను. దాని పరీక్షలు మార్చిలో. అయితే ఏప్రిల్ మొత్తం తనకు ఖాళీయేనంది.

నాకు పాఠం చెప్పిన వాళ్లందరిలోనూ మా అమ్మాయి అంత కఠినమైన మనిషి ఇంకొకరు లేరు. తన పరీక్షలు అయిన మర్నాడే నాకు టైంటేబుల్ పంపింది. పొద్దున బస్సులో పది లెక్కలు చేసి ఫోటో పంపాలి. సాయంత్రానికి ఆ ఫోటోలు ఎర్రగీతలతో తిరిగొచ్చేవి. మెట్లు రాయలేదు, మార్కులు లేవు అని రాసేది. అంకెలు కోడిగీతల్లా ఉన్నాయి, దిద్దేవాళ్లకు కనిపించాలి కదా అని రాసేది. ఒకసారి బాగా రాస్తే నక్షత్రం గీసి పంపింది. ఆ ఫోటో అన్నకు చూపించాను. ఆయన ఫోన్ తీసుకుని రూములో అందరికీ చూపించాడు. అప్పటికి రహస్యం ఎట్లాగూ ఖలాస్ అయిపోయింది.

మొదటి పరీక్ష లెక్కలే. ఆ రోజున మేడం సెలవు ఇప్పించింది. అన్న నా చొక్కా ఇస్త్రీ చేశాడు. సెంటరు ఒక ఇండియన్ బడిలో. గేటు దగ్గర గార్డు నన్ను చూసి, తల్లిదండ్రులు అటువైపు నీడలో కూర్చోవాలని చెప్పాడు. హాల్‌టికెట్ చూపించాను. అది చూశాడు, నన్ను చూశాడు, తర్వాత గేటు పూర్తిగా తెరిచి సలాం చేశాడు. హాల్లో పిల్లలే ఎక్కువ. కానీ నా వరసలో నాకంటే పెద్దావిడ ఒకామె, కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది. వెనక ట్యాక్సీ డ్రైవరు యూనిఫాంలోనే వచ్చాడు. బెంచీ చిన్నది, నా మోకాళ్లు కింద పట్టలేదు. పక్కకు తిరిగి కూర్చున్నాను. వైరు మెలిపెట్టే అలవాటుకు మార్జిన్లు గీస్తూ గట్టిగా నొక్కితే పెన్సిలు ముక్కు రెండుసార్లు విరిగింది. ఆ పెద్దావిడ తన షార్ప్‌నర్ నా బల్ల మీదికి జరిపింది. పేపరు తిప్పితే రెండో పేజీలో లంబకోణ త్రిభుజం లెక్క ఉంది. దాన్ని మొదట చేశాను. ప్రతి మెట్టూ రాశాను.

మా అమ్మాయి ఫలితాలు ముందు వచ్చాయి. మండలంలో మంచి మార్కులొచ్చిన వాళ్లలో తనూ ఉంది. నాకు మాత్రం ఇంకో నెలన్నర పట్టింది. జూన్ చివరలో ఒక మధ్యాహ్నం, షెడ్డులో అన్నం తింటుంటే వీడియో కాల్ వచ్చింది. నా హాల్‌టికెట్ నంబరు పెట్టి తానే చూసిందట. ముందుగా ఏమీ చెప్పకుండా అందరినీ పిలవమంది. పఠాన్, మేస్త్రీలు, నేపాలీలు, అందరూ మూగారు. ఎవరో పోయి మేడంను తీసుకొచ్చారు. మా అమ్మాయి బడిలో ప్రార్థన చదివినట్టు ఒక్కొక్క సబ్జెక్టు పేరూ మార్కులూ చదివింది. కావాలనే లెక్కలు చివరికి ఉంచింది.

"లెక్కలు, యాభై ఒకటి. పాస్."

షెడ్డు రేకులు ఎగిరిపోయినంత చప్పుడైంది. పఠాన్ నన్ను నడుం పట్టి పైకి లేపాడు. అన్న ఎందుకో గోడవైపు తిరిగి కూలర్లో నీళ్లు పట్టుకుంటూ నిలబడ్డాడు. గ్లాసు నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. మేడం ఫోన్ అందుకుని మా అమ్మాయితో మాట్లాడింది. అటు జగిత్యాల యాస, ఇటు కాకినాడ యాస. సీరియల్ గురించే మొదలుపెట్టారు. దొంగ వంటామె కాదని చివరికి పెదబాపు ఒప్పుకున్నాడా అని మా అమ్మాయి అడిగితే, సైటు మొత్తం కలిసి చెప్పాల్సి వచ్చిందండీ, అయినా ఒప్పుకోలేదు అంది మేడం. మధ్యలో మా ఆవిడ ముఖం తెరమీదికి వచ్చి, తాను మొదటి నుంచీ ఏజెంటుగా పనిచేశానని అందరికీ తెలియాలంది. నేను హిందీలో చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ రోజు మూడు దాటినా ఫోర్‌మన్ ఐదు నిమిషాలు యల్లా అనలేదు.

చలికాలంలో సేఫ్టీ అసిస్టెంటు ఉద్యోగం మళ్లీ పడింది. ఈసారి నేను సర్టిఫికెట్ జిరాక్సు తీసుకుని పోయాను. ఇప్పుడు నా పని అందరి బెల్టులూ చూడటం, పొద్దున పని మొదలయ్యేముందు పదినిమిషాలు జాగ్రత్తలు చెప్పటం. మొదటిరోజు అన్న ముందు వరసలో నిలబడి, నాకు ధైర్యం రావాలని కాబోలు, ప్రతి మాటకూ తలాడించాడు.

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్‌లో ఎంపీసీ చదువుతోంది. కిందటి నెల ఒక సాయంత్రం, ఓపెన్ ఇంటర్‌కు దరఖాస్తులు పడ్డాయి, ఏ గ్రూపు తీసుకుంటావు బాపు అని అడిగింది. రెండు రోజులు ఆలోచించి చెబుతానన్నాను. మేడంను అడిగాను. లెక్కలు లేని గ్రూపులు చాలా ఉన్నాయని, హాయిగా చదువుకోవచ్చని చెప్పింది. ఆ రెండు రోజులూ నాకు ఒకటే ఆలోచన. హిస్టరీ తీసుకుంటే మా అమ్మాయిని అడగడానికి ఏముంటుంది?

ఫారంలో లెక్కలనే రాసి పంపాను. మర్నాటికే మా అమ్మాయి నుంచి టైంటేబుల్ వచ్చింది.